తండ్రి నౌకరి, అన్న దుకాణం

"ఇల్లు వేరు, వ్యాపారం వేరు. ఇంటి డబ్బు దుకాణంలో పెట్టకండి, దుకాణం డబ్బు ఇంటికి వాడకండి." బ్యాంకులో అప్పులిచ్చే సీటులో కూర్చున్నన్నాళ్ళూ ఈ మాట ఎన్ని గల్లీల్లో, ఎన్ని షామియానాల కింద చెప్పానో లెక్క లేదు. చిన్న దుకాణాల వాళ్ళకు అవగాహన సదస్సులని పెట్టేవాళ్ళం. ఒక చాయ్, రెండు బిస్కెట్లు, ఒక కరపత్రం, ఆ పైన నా ఉపన్యాసం. చప్పట్లు కూడా కొట్టేవారు పాపం.

కొత్తగా ఆ సీటులోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తారు. "మేడం, మీ అనుభవం నుంచి ఏదైనా సలహా చెప్పండి" అంటారు. నాయనా, సలహాల సంచీ నేను ఎప్పుడో ఖాళీ చేసుకున్నాను. కావాలంటే ఒక ఇంటి సంగతి చెప్తాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మీకూ కొంచెం మండితే మంచిదే.

మాది మంథని. గుళ్ళో పూజలు, బళ్ళో పంతులు పనులు చేసుకుని బతికిన ఇల్లు. సర్వీసు చివరి భాగమంతా నాకు గోదావరిఖనిలోనే గడిచింది. మా బ్రాంచికి దగ్గర్లో ఒక గల్లీ ఉంది, ఎక్కువగా ముస్లింల ఇళ్ళు. పరుపులు కుట్టేవాళ్ళు, వెల్డింగు వాళ్ళు, బేకరీ వాళ్ళు, అందరూ పనిమంతులే. కానీ మా బ్రాంచిలో ఒక అలవాటుండేది. ఆ గల్లీ నుంచి ఎవరైనా అప్పుకు వస్తే "చూద్దాంలే" అనేవాళ్ళు. ఆ చూడటం ఎప్పటికీ అయ్యేది కాదు. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదది. రాసి ఉంటే కనీసం పోట్లాడేదాన్ని. బొగ్గుగనిలో నౌకరి చేసే మనిషి ఎవరైనా జీతం చూపించి జమానత్, అంటే హామీ, ఉంటే మాత్రం ఫైలు కదిలేది.

ఆ గల్లీ మొదట్లోనే మోటార్ వైండింగ్ దుకాణం ఒకటుంది. కాలిపోయిన కూలర్ మోటార్లు, బావి మోటార్లు, కాంట్రాక్టర్ల నీళ్ళ పంపులు విప్పి, మళ్ళీ రాగి తీగ చుట్టి ఇస్తారు. కింద దుకాణం, పైన ఇల్లు. మా వైపు ఎండాకాలం సంగతి తెలిసిందే కదా. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాడికి పగలు కూలర్ లేకపోతే నిద్ర లేదు. కాబట్టి ఉగాది దాటిందంటే ఆ దుకాణం ముందు మోటార్లు కుప్పలు పడేవి.

ఆ ఇంటి పెద్ద గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై, డాక్టర్లు ఇక పని చెయ్యలేడని తేలిస్తే ఇంట్లో కూర్చున్నాడు. తరువాత పోయాడు. ఆయన బదులు వచ్చిన నౌకరి ఒక్కటి, కొడుకులు ఇద్దరు. పెద్దవాడికి అప్పటికే వయసు దాటింది. కాబట్టి చిన్నవాడు గనిలోకి దిగాడు, పెద్దవాడు దుకాణం చూసుకున్నాడు. మొదటిసారి అప్పు కాగితాల పని మీద నేను ఆ ఇంటికి వెళ్ళినప్పుడు చిన్నవాడి జీతం పడే ఏటీఎం కార్డు వాళ్ళ అమ్మ దగ్గరుంది. ఆమెను అందరూ అమ్మీ అంటారు. నాతో తెలుగే మాట్లాడేది.

"చిన్న కొడుకు కార్డు మీ దగ్గరెందుకమ్మా?" అని అడిగాను.

"ఆ జీతం వానిది కాదు బేటీ" అంది. "మా ఇంటాయనది. బొగ్గు దుమ్ము మింగి మింగి ఆయన ఇడిసిపెట్టిన నౌకరి అది. నౌకరి ఒక్కటాయె, కొడుకులిద్దరాయె. దాన్ని కోసి పంచుతమా? చిన్నోడు డ్యూటీ చేస్తడు, పెద్దోడు దుకాణం చేస్తడు, పైసలు నా తాన ఉంటయి. ఎవనికి కావాలంటే వాడు తీసుకుంటడు."

బొగ్గుబావుల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకు ఈ లెక్క కొత్త కాదు. తండ్రి ఇచ్చిన నౌకరి అంటే తండ్రి ఇచ్చిన పొలం లాంటిది, దున్నేవాడు ఒకడైనా పంటలో అన్నదమ్ములందరికీ పాలు ఉంటుంది. మతంతో పని లేదు. మా మంథనిలో మా బాబాయి జీతం కూడా ఎన్నో ఏళ్ళు మా తాత చేతికే వచ్చింది. కాకపోతే మా ఇంట్లో దుకాణం లేదు, వీళ్ళకుంది. ఆ గల్లీ ముఖం బ్యాంకు చూడని రోజుల్లో చిన్నవాడి జీతమే ఆ దుకాణానికి బ్యాంకు అయింది. తీగ కొనాలన్నా, దుకాణం పైన రెండు గదులు వెయ్యాలన్నా ఆ జీతమే. అవన్నీ పెద్దవాడి పేరు మీదే ఉన్నాయి. దుకాణం నడిపేది ఆయన, తిరిగేది ఆయన, ఆయన పేరే పెట్టారు. ఎవరికీ తప్పనిపించలేదు.

చిన్నాయన తక్కువ మాట్లాడే మనిషి. జమానత్ సంతకానికి వచ్చినప్పుడు, "మీకంటూ కొంత దాచుకోరా?" అన్నాను. నవ్వాడు. "నాకేం ఖర్చుంటది మేడం? డ్యూటీకి పోను పెట్రోలు, ఒక చాయ్. బిడ్డ ఫీజు అమ్మీ కడ్తది."

ఆయన భార్యను ఆ ఇంట్లో దుల్హన్ అని పిలిచేవారు. వాళ్ళల్లో కోడలిని అట్లా పిలవడం ఉంది. కూతురు ఇంటర్‌కు వచ్చినా ఆమె దుల్హనే. వెనక గదిలో కూర్చుని చిన్న మోటార్లకు తీగ చుట్టేది ఆమే. వేళ్ళ నిండా సన్నటి గీతలు, రాగి తీగ కోసినవి. ఆ పనికి కూలి ఎంత అని ఎవరూ అడగలేదు. ఇంటి మనిషికి కూలేమిటి?

చిన్నాయన జమానత్ మీద ఆయన అన్నకు, పెద్దాయనకు, మా బ్యాంకు అప్పు ఇచ్చింది. నా ఉపన్యాసం ఉచితం. అప్పు దుకాణానికని తీసుకున్నా, అది ఇంట్లోకి రాగానే ఇంటి డబ్బైపోయింది. కొంత తీగకు పోయింది, ఎక్కువ పెద్దాయన కూతురి పెళ్ళికి పోయింది. అదే సమయంలో ఒక కాంట్రాక్టరు పంపులన్నీ బాగు చేయించుకుని బిల్లు ఎగ్గొట్టి వేరే జిల్లాకు పోయాడు. వాయిదాలు నిలిచిపోయాయి. నేను ఇంటికి వెళ్ళి అరిచాను. పెద్దాయన తల వంచుకుని విన్నాడు, అమ్మీ నాకు షర్బత్ ఇచ్చింది. ఆ ఇంట్లో కోపంగా ఉండటం కష్టం.

ఆ చలికాలంలో చిన్నాయన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని పక్కకు ఒరిగిపోయాడు. గుండెపోటు. దవాఖానకు తీసుకుపోయేలోపలే అయిపోయింది. యాభై కూడా నిండలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దుకాణం ముందు డబ్బు కోసం అతికించిన క్యూఆర్ కోడ్ చిన్నాయన ఫోను మీద ఉంది. మొదట్లో స్మార్ట్ ఫోను ఆయనకే ఉండేది కాబట్టి అట్లా పెట్టుకున్నారు. ఆయన పోయాక కూడా కూలర్ల వాళ్ళు వచ్చి స్కాన్ చేసి పోతూనే ఉన్నారు. చనిపోయిన మనిషి ఖాతాలో దుకాణం డబ్బు పడుతూనే ఉంది. మేము ఖాతా ఆపేసిన రోజు పెద్దాయన నా టేబుల్ ముందుకొచ్చి, "అండ్ల నా దుకాణం పైసలున్నయి మేడం" అన్నాడు. 'మా' పోయి 'నా' వచ్చిందని అప్పుడు నేను గమనించాను. దుఃఖంలో ఉన్నాడులే అనుకున్నాను.

దుల్హన్‌కు నౌకరికి వయసు దాటింది. దాని బదులు నెలనెలా కొద్దిపాటి భత్యం వస్తుంది. ఆయన పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్ము మాత్రం ఆమె ఖాతాలో పడింది. ఆమెకూ ఆమె కూతురికీ ఈ లోకంలో ఉన్నది అంతే. మార్చి నెల వచ్చింది. బ్యాంకులో మార్చి అంటే మీకు చెప్పక్కర్లేదు. మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు.

"మేడం, మీరు ఆ వైండింగ్ వాళ్ళింటికి వెళ్ళి రావాలి. ఆవిడ ఇద్దత్‌లో ఉందట. భర్త పోయాక నాలుగు నెలలు పైగా బయటికి రాకూడదు, పరాయి మగవాళ్ళకు కనబడకూడదు కదా. మన బ్రాంచిలో ఆడ ఆఫీసరు మీరొక్కరే."

"ఎందుకు సార్?"

"డబ్బు తీసే కాగితం మీద సంతకానికి. ఆవిడ సొమ్ముతో బావగారి అప్పు మూసేస్తారట. లేకపోతే ఈ నెలాఖరుకు అది మొండి బాకీల్లో చేరుతుంది."

"అది పీఎఫ్ సొమ్ము సార్. దాని మీద చెయ్యి వేసే హక్కు మనకు లేదు."

"మనమెక్కడ వేస్తున్నాం మేడం? ఆవిడే ఇస్తోంది." ఎంత మర్యాదగా అన్నాడో. ఆ మర్యాదకు నాకు చెంపదెబ్బ తిన్నట్టయింది.

వెళ్ళాను. నేను కాకపోతే ఆ కాగితం పెద్దాయన చేతికే ఇచ్చి పంపుతారు. అప్పుడు ఆమెకు నిజం చెప్పేవాళ్ళే ఉండరు.

పై గదికి మధ్యలో ఒక దుప్పటి పరదా కట్టారు. అవతల పెద్దాయన, ఇంకొందరు మగవాళ్ళు. ఇవతల దుల్హన్, అమ్మీ, నేను. ఆమె గాజులు లేని చేతులతో తెల్ల ఓణీ కప్పుకుని కూర్చుంది. అమ్మీ పక్కనే తస్బీ పూసలు తిప్పుకుంటోంది. నేను గొంతు తగ్గించి చెప్పాను: "అమ్మా, ఇవి నీ పైసలు. నువ్వు ఇయ్యకుంటే బ్యాంకు నిన్ను ఒక్క మాట అనలేదు. అప్పు మీ భాయ్‌జాన్‌ది, ఆయననే కట్టుకోవాలె."

"తెలుసు మేడం. పదో తరగతి దాంక సదివిన" అంది. "మరి దస్తకత్ పెట్టకుంటే ఏడ ఉండాలె? కింద దుకాణం, మీద ఇల్లు, రెండూ భాయ్‌జాన్ పేరు మీదనే ఉన్నయి. రేపు అప్పుకు దుకాణం పోతే అందరం బజార్ల పడ్తం. బిడ్డ సదువు మధ్యల ఉన్నది."

"అయితే కాగితం మీద రాయించుకో. నీ పైసలతోని అప్పు తీరింది కాబట్టి దుకాణంల నీకింత అని."

తస్బీ ఆగింది. "ఖాందాన్ల, సొంతింట్ల కాగితాలేంది బేటీ?" అంది అమ్మీ. "ఒక్క పళ్ళెంల తిన్నోళ్ళు. కాగితం అడిగితే మా పెద్దోడు ఏమనుకోవాలె?"

దుల్హన్ నా ముఖం చూసింది, అమ్మీ ముఖం చూసింది. తరువాత పరదా వైపు తిరిగి గొంతు పెంచింది. "భాయ్‌జాన్, మేడం ముంగట ఒక్క మాట చెప్పున్రి. ఈ దుకాణంల నా బిడ్డకు సగం ఉన్నదా, లేదా?"

అవతల ఎవరో దగ్గారు. తరువాత పెద్దాయన గొంతు వచ్చింది. "ఉన్నది. సగం దానిదే. గిది అడగాల్నా? అది నా తమ్ముని బిడ్డ."

"విన్నరు కద మేడం?" అంది.

"విన్న" అన్నాను. అమ్మీ తల ఊపింది. దుల్హన్ సంతకం పెట్టింది.

నెలాఖరులోపల అప్పు మూసేశాం. వసూళ్ళు బాగున్నాయని మేనేజరుకు పై ఆఫీసు నుంచి అభినందన వచ్చింది. ఆ ఎండాకాలం కూలర్ల గిరాకీ కూడా బాగా నడిచింది.

వానలు మొదలయ్యాక పెద్దాయన మిఠాయి డబ్బాతో నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. దుకాణం పేరు మీద వేరే కరెంటు ఖాతా, కొత్త క్యూఆర్ కోడ్, అన్నీ కావాలన్నాడు. "మీరు సదస్సుల చెప్పిన్రు కద మేడం, ఇల్లు వేరు, దుకాణం వేరని. నాకు ఇప్పుడు సమజైంది. ఇగ దుకాణం పైసలు దుకాణంలనే."

"మంచిదే. మరి మీ మరదలి సగం?"

డబ్బా మూత పెడుతూ అన్నాడు, "ఇంటి సంగతులు బ్యాంకుల ఎందుకు మేడం?"

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నేను జీవితంలో నేర్పిన పాఠం ఇంత శ్రద్ధగా నేర్చుకున్న విద్యార్థి ఇంకొకడు లేడు. ఆ మిఠాయి నేను ముట్టలేదు. మిగతా స్టాఫ్ తిన్నారు, బాగుందన్నారు.

ఆ తరువాత పని చకచకా జరిగింది. పెద్దాయన కొడుకు పెళ్ళికి పై గది కావాలన్నారు. దుల్హన్‌ను వేరే చూసుకోమన్నారు. ఆమె గల్లీ పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టించింది, సాక్షి కావాలంటే నా పేరు చెప్పింది. విషయం తెలిసి మేనేజరు పిలిచాడు. "కస్టమర్ల ఇంటి గొడవల్లో మనం దూరకూడదు మేడం."

"ఆ ఇంట్లోకి నన్ను పంపింది మీరే కదా సార్" అని, సెలవు రాసిచ్చి వెళ్ళాను.

పంచాయితీ ఒక పెద్దమనిషి ఇంటి వరండాలో జరిగింది. ఆడవాళ్ళు తలుపు పరదా వెనక కూర్చున్నారు, దుల్హన్ ఒక మూల, అమ్మీ ఒక మూల. నన్ను మగవాళ్ళతో పాటు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అప్పు నుంచి సంతకం దాకా జరిగింది జరిగినట్టు చెప్పాను. పెద్దమనుషులు శ్రద్ధగా విన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒకాయన అడిగాడు: "మేడం, ఆ మాట అంటుంటే మీరు ఆయనను సూసిన్రా?"

"చూడలే. పరదా ఉండె. విన్న. ఆయన గొంతు నాకు ఇయ్యాల కొత్త కాదు."

పెద్దాయన లేచాడు. నా వైపు చూడలేదు. "ఆ దినం అవతల నలుగురం ఉన్నం. ఎవరేమన్నరో మేడంకు ఎట్ల ఎర్కైతది? నేనైతే అనలే. తమ్ముడు జమానత్ ఉన్నడు, ఆ పైసలతోని అప్పు తీరింది. దాంతోని దుకాణంకేం సంబంధం? దుకాణం నా పేరు మీద ఉన్నది, కాగితం సూసుకోన్రి."

డబ్బు తీసుకునేటప్పుడు ఖాందాన్, పంచుకునేటప్పుడు కాగితం. పట్టపగలు, నలుగురిలో, కన్నార్పకుండా అబద్ధమాడుతుంటే కూర్చోలేక లేచి నిలబడ్డాను. "ఆ మాట అన్నది మీరే" అని గట్టిగానే అన్నాను. పెద్దమనిషి చెయ్యెత్తి నన్ను ఆపాడు. "గొంతు పోల్చుకుని ఇన్సాఫ్ ఎట్ల చెప్తం మేడం? ఆ దినం పరదా దగ్గర అమ్మీ ఉన్నది కద. ఆమెనడుగుదాం." పరదా వైపు తిరిగి అడిగాడు, "అమ్మీ, నీ పెద్ద కొడుకు సగం ఇస్తనన్నడా?"

ఆమె అబద్ధం చెప్పదని నేను అనుకున్నాను. దుల్హన్ కూడా అనుకుంది. అందుకే అమ్మీ పేరు చెప్పగానే దుల్హన్ మూల నుంచి కొంచెం ముందుకు జరగడం పరదా కదలికలో కనబడింది.

"నాకు యాదికి లేదు" అంది అమ్మీ.

అంతే, పంచాయితీ అయిపోయింది. దయ తలచి పెద్దాయనతో కొన్ని నెలల ఇంటికిరాయి ఇప్పించారు. దుల్హన్ ఏడవలేదు. అరిస్తే బాగుండునని నేను అనుకున్నాను. ఆమె కూతుర్ని తీసుకుని కమాన్‌పూర్ వైపు ఒక గది అద్దెకు తీసుకుంది. అక్కడ ఇంకో వైండింగ్ దుకాణానికి ఇంట్లో కూర్చుని తీగ చుట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనికి అప్పుడు మొదటిసారి కూలి తీసుకుంది.

పిల్లలూ, ఇల్లూ వ్యాపారమూ వేరు చెయ్యమని చెప్పండి, వద్దని నేను అనను. కానీ అంతకు ముందు ఎవరి చెమట ఎందులో కలిసిందో అడగండి, వాళ్ళ పేరు కూడా కాగితం మీదికి ఎక్కించండి. కలిసి ఉన్నవాటిని ఊరికే వేరు చెయ్యమంటే, పేరున్నవాడు అంతా పట్టుకుపోతాడు. మనం అందించిన కత్తితోనే కోస్తాడు. ఈ ముక్క నా కరపత్రంలో లేదు.

నేను రిటైరయ్యాను. నవంబరు వస్తే పింఛనుదార్లమంతా బతికే ఉన్నామని చెప్పుకోవడానికి బ్యాంకుకు పోవాలి కదా. మొన్న అట్లా పోతే బెంచీ మీద అమ్మీ కనబడింది. భర్త తాలూకు పింఛను ఆమెకు వస్తుంది. పక్కన దుల్హన్ నిలబడి ఉంది. పెద్ద కోడలికీ అమ్మీకీ పడలేదట. నాలుగు బట్టల సంచీతో పెద్దాయన తెచ్చి దుల్హన్ గది ముందు దింపి పోయాడట. దుల్హన్ టోకెన్ కోసం కౌంటరు దగ్గరికి వెళ్ళగానే అమ్మీ నా చెయ్యి పట్టుకుంది.

"బేటీ, ఆ దినం వాడు అన్నడు. నేను విన్న."

ఆ ముసలి చెయ్యి విదిలించుకోవాలన్నంత కోపం వచ్చింది. "మరి అప్పుడెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే వాడు నన్ను ఎల్లగొడ్తడని భయమైంది."

దుల్హన్ వచ్చి వెనకే నిలబడిందని నేను చూసుకోలేదు. "నాకు ఎర్కనే మేడం" అంది. "వచ్చిన తెల్లారే చెప్పింది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? తిన్నవా అని అడిగిన."

పింఛను డబ్బు తెచ్చి అమ్మీ చేతిలో పెట్టింది. అమ్మీ ఆ నోట్లను ఒళ్ళో పెట్టుకుని రెండు భాగాలు చేయసాగింది. "దుల్హన్, గివి సగం పెద్దోనికి పంపాలె. దుకాణం సరింగ నడుస్తలేదంట పాపం."

దుల్హన్ వంగి ఆ రెండు భాగాలూ ఒక్కటి చేసి అమ్మీ సంచీలో పెట్టి జిప్పు లాగింది.

"ఇచ్చినం కద అమ్మీ. అంతా ఇచ్చినం."

అని ఆమెను లేపి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.